అయ్య మోకాలు వంగదు

నాంపల్లి స్టేషను నుంచి అబిడ్స్ వైపు పోయే సందుల్లో ఒకదానిలో ఉన్న కంబళి మఠానికి వీరమ్మ మొదటిసారి ఎడ్లబండిలో వచ్చింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, మొగుడు పోయి ఏడాది. కుడి మడమ దగ్గర నారికురుపు లేచి కాలు మొద్దులా వాచింది. దిగుడుబావుల నీళ్లు తాగే ఊళ్లలో ఆ రోగం ఇంటికొకరికి ఉండేది. కురుపు పగిలాక తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని గుంజితే తెగుతుంది, తెగితే కాలు కుళ్లుతుంది. రోజుకు వేలెడు చొప్పున సన్నటి పుల్లకు చుట్టుకుంటూ వారాల తరబడి బయటికి తీయాలి. అంత ఓపిక ఉన్న మనిషి పట్నంలో ఒక్కడే ఉన్నాడని వాళ్ల ఊళ్లో చెప్పుకునేవారు. ఆయనే మఠం పెద్ద సదాశివస్వామి. జనానికి ఉత్త అయ్య.

పురుగుల విషయంలో తప్ప మరి దేనిలోనూ అయ్యకు ఓపిక లేదు. పుండు మీద పేడ రాసుకుని వచ్చిన బండివాణ్ని నానా తిట్లూ తిట్టేవాడు. తిడుతూనే వేపాకు నీళ్లతో కడిగేవాడు. మూసీకి పెద్ద వరద వచ్చిన ఏడాది, కూలిన ఇంటి కింద నుంచి మనుషుల్ని లాగుతుంటే గోడ మీదపడి ఆయన ఎడమ మోకాలు చితికింది. ఎముక ఎట్లాగో అతుక్కుంది గాని మోకాలు మళ్లీ వంగలేదు. అందుకని మఠం తూర్పు వసారాలో ఎత్తయిన పీట మీద కూర్చుని, ఆ కాలు బండి నొగలా ముందుకు చాచి పని చేసేవాడు. వచ్చే పోయే వాళ్లు ఆ కాలును చుట్టి తిరిగి పోవలసిందే.

వీరమ్మ కాలు నయం కావడానికి ఇరవయ్యారు రోజులు పట్టింది. ఇరవయ్యేడో రోజున అయ్య అడిగాడు.

"ఇగ ఊరికి పోతవా?"

"పోయి ఏం జెయ్యాలె అయ్యా?"

"అయితే గా గిన్నె అందుకో."

ఆమెకు జరిగిన దీక్ష అంతే. మఠం వెనక సందులో ఒక ముసలి పూలమ్మితో కలిసి గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే వచ్చి పొద్దు గూకే దాకా ఆ వసారాలోనే ఉండేది. గుడ్డలు ఉడకబెట్టడం, పుండ్లు కడగడం, పురుగును తెగకుండా చుట్టడం, ఎడ్ల మెడల మీద కాడి ఒరిపిడికి పడ్డ పుండ్లకు మందు రాయడం అన్నీ నేర్చుకుంది. అట్లా ఇరవై రెండేళ్లు. కడపటి ఐదారేళ్లు అయ్యకు చూపు మందగించింది. పీట మీద కూర్చుని తిట్టడం మాత్రమే ఆయన పని, చేతి పనంతా వీరమ్మదే. ఉస్మాన్‌గంజ్ గింజల మండీ బండివాళ్లు, స్టేషను హమాలీలు, రోడ్డు పనికి వచ్చిన పాలమూరు కూలీలు రోజుకు నలభై మందికి తక్కువ కాకుండా వచ్చేవాళ్లు.

అయ్య పోయినప్పుడు కాషాయం కట్టిన శిష్యుడెవడూ లేడు. నిజాం సర్కారు మనుషులు వచ్చి ముందరి గదులకు తాళాలు వేసుకుని పోయారు. వసారాకు తలుపే లేదు కనక తాళం వేయలేదు. వీరమ్మను పొమ్మని ఎవరూ అనలేదు. ఆమె మూడేళ్ల పాటు ఆ వసారాలో తన పని తాను చేసుకుంటూ పోయింది.

నాలుగో ఏట, వానలు మొదలైన రోజుల్లో వామన్‌రావు వచ్చాడు. మఠాన్ని అజాయబ్ ఘర్, అంటే పాత వస్తువులు చూపించే మ్యూజియం, చేయాలని ఒక కమిటీ వేశారు. ఆయన దానికి సెక్రెటరీ. నల్ల షేర్వానీ, బంగారు అంచు కళ్లద్దాలు, చేతిలో నోటుబుక్కు. మెత్తగా మాట్లాడే మనిషి. చెప్పులు విడిచి వసారాలోకి వచ్చి కింద కూర్చున్నాడు. అంత పెద్ద ఉద్యోగి తన ఎదుట నేల మీద కూర్చోవడం వీరమ్మ ఎన్నడూ చూడలేదు.

"ఈ మఠం సంగతి నీకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరటమ్మా. అంతా చెప్పు. ఒక్క ముక్క కూడా పోగొట్టను," అన్నాడు.

వీరమ్మ నాలుగు నెలలు చెప్పింది. అయ్య సంగతి అడిగేవాళ్లు లేక గొంతులో అడ్డంపడి ఉన్న మాటలన్నీ చెప్పింది. వరద సంగతి, మోకాలి సంగతి, ప్లేగు వచ్చినప్పుడు ఊరంతా ఖాళీ అయినా అయ్య కదలకపోవడం, చలిజ్వరాల ఏడాది శవాలు మోయడానికి మనుషులు దొరక్క అయ్య ఒంటికాలి మీద కుంటుతూ పాడె పట్టడం. వామన్‌రావు అన్నీ ఇంగ్లీషులో రాసుకున్నాడు. మధ్య మధ్య "శభాష్", "ఎంత గొప్ప!" అన్నాడు. ఒకసారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు కూడా.

దసరా వెళ్లాక మేస్త్రీలు దిగారు. మొదటి గడ్డపార తూర్పు వసారా మీదే పడింది. వీరమ్మ పరుగెత్తి వామన్‌రావు దగ్గరికి పోయింది.

"పాత కట్టె పుచ్చిపోయిందమ్మా. మంచిగా కడతాం," అన్నాడాయన. "నేనున్నా కదా."

ఆమె నమ్మింది. ఏడాది పాటు, వెనక గోడ పక్కన రేకుల పాక కింద, సున్నం దుమ్ములో పుండ్లు కడిగింది. రోగులు గొణిగితే "కొత్త వసారా వస్తది, జర ఓపిక పట్టున్రి," అని తానే సర్దిచెప్పింది.

*

ప్రారంభానికి ఆమెకు కార్డు వచ్చింది. ఉర్దూలో ఒక వైపు, ఇంగ్లీషులో ఒక వైపు బంగారు అక్షరాలు. రెండూ ఆమెకు చదవరావు. అయినా రెండు చేతులతో పట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, బండి బీరయ్యను తోడు తీసుకుని పోయింది. బీరయ్య ఉస్మాన్‌గంజ్ బండివాళ్లకు పెద్ద. ఒకప్పుడు అతని పిక్కలోంచి మూరెడు పురుగును వీరమ్మే తీసింది.

మఠం గుర్తుపట్టలేనట్టు ఉంది. గోడలకు తెల్లరంగు, పైన కరెంటు దీపాలు, నున్నటి షాబాదు బండలు. ఉపన్యాసాలకు ఒక హాలు, చదువుకోవడానికి ఒక గది, పూలకుండీల నడుమ టీ తాగడానికి బల్లలు. తూర్పు వసారా ఉన్న చోట టికెట్ల కిటికీ. వీరమ్మ అక్కడ నిలబడిపోయింది. కొత్త వసారా ఎక్కడో లోపల కట్టి ఉంటారనుకుని ముందుకు నడిచింది.

అయ్య గదిలో, తాడు కట్టిన హద్దుకు అవతల ఒక మట్టి బొమ్మ కూర్చుని ఉంది. నిజం మనిషంత. పచ్చటి మేని ఛాయ, మూసిన కళ్లు, పెదాల మీద చిరునవ్వు. రెండు కాళ్లూ మడిచి పద్మాసనం వేసుకుంది. దాని ముందు ఇత్తడి గిన్నె, అందులో నీళ్లు, నీళ్లలో గులాబీ రేకులు. ఆ గిన్నె వీరమ్మకు తెలుసు. ఎడ్ల పుండ్లు కడిగిన గిన్నె.

"గీయిన ఎవరు?" అంది బీరయ్యతో.

బీరయ్యకూ తెలియదు. పక్కన ఒక సన్నటి మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు అంజయ్య. బొమ్మ చేసింది తానేనని చెప్పాడు.

"సదాశివస్వామి బొమ్మనే అమ్మా. మంచిగ కుదిరిందా?"

"అయ్య మోకాలు వంగదు," అంది వీరమ్మ.

"ఏంది?"

"అయ్య మోకాలు వంగదు నాయినా. గిట్ల కూసునుడు ఆయనతోని కాదు. ఆయన నల్లగ ఉంటడు. ఎన్నడూ కండ్లు మూసుకోలేదు. నీకెవలు చెప్పిన్రు?"

అంజయ్య తెల్లబోయాడు. "నాకు సెక్రెటరీ సాబ్ ఒక ఫోటో ఇచ్చిండు. కాశీల ఎవరో సాధువుదట. గట్లనే చెయ్యమన్నడు."

గోడకు ఒక పలక తగిలించి ఉంది. వీరమ్మ దాన్ని చదివి చెప్పమంది. అంజయ్య ఉర్దూ చదువుతూ తెలుగులో చెప్పాడు. ఈ మఠంలో స్వాములు లోకానికి దూరంగా, మౌనంగా, ధ్యానంలో కాలం గడిపేవారు. వారు ప్రతి ఉదయం ఈ పాత్రలోని పవిత్ర జలంతో పూజ చేసేవారు. మఠంలోకి స్త్రీలకు ప్రవేశం ఉండేది కాదు.

చివరి వాక్యం చదివి అంజయ్య ఆమె ముఖం వైపు చూశాడు.

వీరమ్మ మళ్లీ పలక వైపు తిరిగింది. నాలుగు నెలల పాటు తన ఎదుట కూర్చుని ఆ మనిషి ఏం రాసుకున్నాడు? ఏ ముక్కా పోగొట్టనన్నాడే! అన్నీ పోగొట్టి, లేనివి తెచ్చి పెట్టాడే!

వామన్‌రావు అప్పుడే అతిథులను వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. సిల్కు చీరల ఆడవాళ్లు, టోపీల పెద్దమనుషులు. వీరమ్మ వాళ్లకు అడ్డంగా నిలబడింది.

"సారూ, గీ పలక మీద ఏం రాసిన్రు?"

"తరవాత మాట్లాడుకుందామమ్మా. అతిథులున్నారు."

"అతిథులున్నప్పుడే చెప్పున్రి. ఆడోళ్లు మఠంలకు రాలేదా? మరి నేనెవర్ని? ఇరువై రెండేండ్లు గీడ చేసిందెవరు? గా గిన్నెల చీము కడిగిందెవరు?"

చీము అన్న మాటకు ఒకామె ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. వామన్‌రావు వీరమ్మ మోచేయి దగ్గర చేయి ఆనీ ఆననట్టు ఆనించి, పక్క గదిలోకి నడిపించాడు. అతని గొంతు అప్పుడు కూడా మెత్తగానే ఉంది.

"కోపం చేయకమ్మా. అజాయబ్ ఘర్‌కు జనం పిల్లాజెల్లలతో వస్తారు. వాళ్లకు పుండ్లూ పురుగులూ చూపిస్తామా? మఠమంటే ఏదో ప్రశాంతత ఉండాలని వస్తారు. ఇంకో సంగతి..." గొంతు ఇంకా తగ్గించాడు. "ఒక స్వామి, ఆయన దగ్గర వయసులో ఉన్న విధవరాలు. చదివినవాళ్లు ఏమనుకుంటారు? స్వామి పేరుకు మచ్చ రాకూడదనే నీ సంగతి వదిలేశాను. నీ మంచికి కూడా అదే మేలు."

వీరమ్మ ఇంతవరకు ఆయన్ని ఎన్నడూ ఏకవచనంలో పిలవలేదు.

"నువ్వు ఏమన్నవ్?" అంది. "మచ్చనా? ఇరువై రెండేండ్లు గా సందుల మనిషి పుట్టుక పుట్టినోడు ఒక్కడు అనని మాట, నువ్వు అన్నవ్. బండోళ్లు అనలే. తాగుబోతు హమాలీలు అనలే. చదువుకున్నోనివి, నువ్వన్నవ్. గీ గోడలకు సున్నమేసి తెల్లగ చేసినవ్ గని నీ మనసుల గింత మురికి పెట్టుకొని నా ముంగట కింద కూసున్నవా?"

"అమ్మా, మెల్లగా..."

"అయ్య ఎన్నడు మెల్లగ మాట్లాడలే. నేనెందుకు మాట్లాడాలె?"

జవాన్లు వచ్చి వీరమ్మనూ బీరయ్యనూ బయటికి పంపారు. బీరయ్య గేటు దగ్గర వాళ్లతో కలబడబోతే వీరమ్మే ఆపింది.

*

మర్నాటి నుంచి గేటు జవాను ఆమెను లోపలికి రానివ్వలేదు. రేకుల పాకను అదివరకే పీకేశారు. రోగులకు ఇవేవీ తెలియవు. ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి, తెల్లరంగు గోడను చూసి దిక్కుతోచక నిలబడ్డారు. వీరమ్మ గోడ బయట, మురుగు నాలా పక్కన గోనెపట్టా పరిచి, మూడు రాళ్ల మీద కుండ పెట్టి వేపాకు ఉడికించింది.

పోలీసు రెండుసార్లు వచ్చి కుండను తన్నిపోయాడు. మూడోసారి వచ్చినప్పుడు, బీరయ్య పదహారు బండ్లను సందు మొదటి నుంచి చివరి దాకా నిలబెట్టి, ఎడ్లను విప్పి, బీడీ ముట్టించాడు. అజాయబ్ ఘర్‌కు వస్తున్న మోటారు కార్లు అబిడ్స్ రోడ్డు మీదే ఆగిపోయాయి. ఆ పూట పోలీసు కుండ జోలికి పోలేదు.

మూడు వారాలకు వామన్‌రావు గేటు దాటి బయటికి వచ్చాడు. ఈసారి నేల మీద కూర్చోలేదు.

"కమిటీ ఒప్పుకుంది వీరమ్మా," అన్నాడు ఏదో వరం ఇస్తున్నట్టు. "శుక్రవారం సెలవు దినం కదా, జనం ఎక్కువ వస్తారు. పొద్దున పది నుంచి నాలుగింటి దాకా నువ్వు లోపలి వాకిట్లో కూర్చోవచ్చు. నెల జీతం ఇస్తారు. పాతకాలం వైద్యం ఎట్లా ఉండేదో చూపిస్తే చాలు."

"రోగులను లోపలికి రానిస్తరా?" వీరమ్మ గొంతులో ఆశ తొంగిచూసింది.

"నిజం రోగులు వద్దు, వాసన. ఒక మనిషిని పెడతాం. కాలికి ఎర్రరంగు పూసుకుంటాడు. దారంతో పురుగు కూడా చేయించవచ్చు."

వీరమ్మ చేతిలో ఒక ముసలి హమాలీ పాదం ఉంది. దాన్ని మెల్లగా గోనెపట్టా మీద దింపి లేచి నిలబడింది.

"వీని కాలు చూడు," అంది. "నెల దినాలాయె, నొప్పికి నిద్ర లేదు. మూటలు మొయ్యకుంటే తిండి లేదు. వీన్ని గేటు బయట పెట్టి, రంగు పూసుకున్నోన్ని లోపట పండబెట్టి, వాని కాలు పట్టుకొని నేను ఆట ఆడాల్నా? జనం టికెట్ కొనుక్కొని చూస్తరా? నొప్పి అంటే మీకు తమాషానా? నీ జీతం నువ్వే తిను. గా ఎర్రరంగు నీ మొకానికే పూసుకో, సిగ్గున్నట్టు అన్న కనబడ్తది."

ముసలి హమాలీ కింద నుంచి "ఔ" అన్నాడు. వామన్‌రావు లోపలికి పోయాడు.

ఆ సాయంత్రమే అంజయ్య వచ్చాడు. బొమ్మను మళ్లీ చేసిస్తాను, కూలి కూడా వద్దు అని అడిగితే సెక్రెటరీ కసురుకున్నాడట. "తెలిసి చేసింది కాదమ్మా, తెలిసినంక నిద్ర పడ్తలేదు," అన్నాడు. అతనికి ఉర్దూ బాగా రాయవచ్చు. దరఖాస్తు రాస్తానన్నాడు.

దరఖాస్తులో వీరమ్మ రెండే అడిగింది. పలక మీద నిజం రాయాలి. పుండ్లు కడగడానికి ఒక వసారా ఇవ్వాలి. దాని కింద మూడు వందల పన్నెండు వేలిముద్రలు పడ్డాయి.

కమిటీ గన్‌ఫౌండ్రీలోని ఒక బంగళాలో కూర్చుంది. వీరమ్మను నిలబెట్టే మాట్లాడారు. జనంలో తిరిగి నేర్చుకున్న ఉర్దూలో ఆమె చెప్పవలసింది చెప్పింది. కమిటీ పెద్ద అంతా విని, వామన్‌రావు వైపు ఒకసారి చూసి అడిగాడు.

"ఈమె మఠంలో పని చేసినట్టు ఏమైనా కాగితం ఉందా?"

"లేదు హుజూర్," అన్నాడు వామన్‌రావు. ఆయన నోటుబుక్కు ఆయన ఎదుటే బల్ల మీద ఉంది.

వీరమ్మ ఆ నోటుబుక్కు వైపే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు గుమ్మం దగ్గర ఉన్న బీరయ్య ముందుకు వచ్చి, ధోతి మోకాలి పైకి లాగి, పిక్క మీది మచ్చ చూపించాడు.

"గిదే నా కాయిదం హుజూర్. మా వీరమ్మ రాసింది. బయట ఇంక నలభై కాయిదాలు నిలబడ్డయి, పిలవాల్నా?"

పిలవమని ఎవరూ అనలేదు. అయినా వాళ్లు వచ్చారు. ఒక్కొక్కరే కాళ్లు చూపిస్తూ, ఆ గదిలో పరిచిన తివాచీ మీదుగా నడిచారు. ఎవరి మడమ మీదో, ఎవరి మోకాలి కిందో, ఎవరి చీలమండ పక్కనో నాణెమంత మచ్చ. కమిటీ పెద్ద నలుగురైదుగుర్ని చూసి తల దించుకున్నాడు.

*

రెండు నెలలకు జవాబు వచ్చింది. పలక మీది చివరి వాక్యం మీద తెల్లకాగితం అంటించారు. దాని బదులు ఏమీ రాయలేదు. బొమ్మ పద్మాసనంలోనే ఉంది, గులాబీ రేకులు రోజూ మారుతున్నాయి. వసారా గురించి ఒక్క ముక్క లేదు. గోడ పక్కన నాలాను వెడల్పు చేస్తున్నామని, అక్కడ ఎవరూ కూర్చోరాదని మాత్రం రాశారు.

బీరయ్య మండీలో ఒక షావుకారును పట్టుకుని, ఉస్మాన్‌గంజ్‌లో గోనెసంచుల కొట్టు ముందరి అరుగు ఇప్పించాడు. మిరపకాయల ఘాటుకు అక్కడ అందరూ తుమ్ముతారు. అయినా పైకప్పు ఉంది, దగ్గర్లో నల్లా ఉంది. వారం తిరిగేసరికి నలభై మంది అక్కడికే రాసాగారు. కొందరు ఇంకా నాంపల్లి సందుకు పోయి, అక్కడి జవాను చేత తిట్లు తిని, అడుగుతూ అడుగుతూ వచ్చేవారు. అట్లా వచ్చిన ప్రతివాడి దగ్గరా వీరమ్మ కోపం మళ్లీ కొత్తగా రగిలేది.

ఆమె ఊరుకోలేదు. మొదటి దరఖాస్తుకు అదే జవాబు. రెండోది తెలుగులో రాయిస్తే చదవకుండానే తిప్పి పంపారు. మూడోదానికి, వానలు పడుతున్న ఒక మధ్యాహ్నం అంజయ్య కాగితం, కలం తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. వీరమ్మ ఒక పాలమూరు కూలీ ఆడమనిషి పాదం ఒళ్లో పెట్టుకుని గుడ్డ చుడుతూ చెబుతోంది. అతను రాస్తున్నాడు.

"ఈసారి జర నరంగ, మెత్తటి మాటలు పెట్టాలమ్మా," అన్నాడు అంజయ్య. "తమరి పాదాలకు మొక్కి విన్నవించుకొనేది అని మొదలు పెడ్తం. గది రివాజు."

"ఎవరి పాదాలకు?"

"సెక్రెటరీ సాబ్ పాదాలకు."

వీరమ్మ తల ఎత్తలేదు. గుడ్డ కొసను పళ్లతో చింపి ముడి వేసింది.

"దినాం నలుబై మంది కాళ్లు పట్టుకుంట నేను. గాయిన కాళ్లకు పుండున్నదా? ఉంటే రమ్మను, కడుగుత. లేకుంటే మొక్కుడెందుకు? గది కొట్టెయ్యి."

అంజయ్య ఆ వరుస కొట్టేసి, కింద మిగతాది రాయడం మొదలుపెట్టాడు.